మూరెడు కొసరు

గంగులయ్య కొబ్బరి తాడును బకెట్టు నీళ్ళలో ముంచి పైకెత్తి, నీళ్ళు కారుతుండగానే భుజాన వేసుకుని మైదానం మధ్యకు నడిచాడు. పొడి తాడు సాగుతుంది, తడి తాడు బిగుస్తుంది. అందుకని గీతలు గీసే రోజు తెల్లారగానే తాడుకు నీళ్ళు తాపాలి. రామసముద్రం నుంచి మొదటి బస్సుకు పుంగనూరు కాలేజీకి వచ్చి, ముప్పై నాలుగేళ్ళుగా అతను చేసే మొదటి పని ఇదే. "నువ్వు కాఫీ తాగకముందే నీ తాడు నీళ్ళు తాగతాది. నువ్వు కట్టుకోవాల్సింది నన్ను కాదు, దాన్ని" అని భార్య సిద్ధమ్మ ఎత్తిపొడుస్తూ ఉంటుంది.

అతని ఉద్యోగం పేరు మార్కర్. పరుగు పందేల ట్రాకు, వాలీబాల్ కోర్టు, కబడ్డీ బరి, ఏదైనా సరే, ముందు అతను నేల మీద సున్నం గీత గీయాలి, ఆ తర్వాతే ఎవరైనా ఆడాలి. కొత్తగా చేరిన పిల్లల తండ్రులు మాత్రం ఆ ఉద్యోగం పేరు విని అతన్ని పక్కకు పిలిచి, "మావోనికి ఒక పది మార్కులు సూడప్పా" అని చెవిలో చెప్పేవాళ్ళు. "సూస్తాలే" అని అతను తల ఊపేవాడు. పాసైన పిల్లల తండ్రులు ఇద్దరు ముగ్గురు పంచెలు కూడా పెట్టారు. వద్దంటే బాగుండదని తీసుకున్నాడు.

పొట్టి మనిషి. మడమలు బీటలు వారి ఉంటాయి. అరచేతి గీతల్లో సున్నం ఇంకిపోయి, ఎంత కడిగినా పోదు. కనుబొమ్మల మీద ఎప్పుడూ సున్నం పడి ఉండటంతో నలభై ఏళ్ళకే అరవై ఏళ్ళవాడిలా కనిపించాడు. ఇప్పుడు అరవై రెండు నిండి కనుబొమ్మలు నిజంగానే నెరిశాయి గానీ, ఆ తేడా కాలేజీలో ఎవరూ కనిపెట్టలేదు.

ఈ రోజు అతని రిటైర్మెంటు. ఈ రోజే కాలేజీకి కమిటీ కూడా వస్తోంది. పుంగనూరులో ఫిజికల్ ఎడ్యుకేషన్ డిగ్రీ పెట్టాలని రెండేళ్ళుగా ప్రయత్నం జరుగుతోంది. మొదటి ఏడు ఏం చదవాలి, రెండో ఏడు ఏం ఆడాలి, మూడో ఏడు ఏ బడికి పోయి పిల్లల చేత డ్రిల్లు చేయించాలి అన్నీ ప్లాను వేసి తొంభై ఆరు పేజీల పుస్తకం తయారుచేశారు. దాన్ని చూసి, మైదానం చూసి, సరే అనడానికి కుప్పం యూనివర్సిటీ నుంచి కమిటీ బయల్దేరింది. ఒకే షామియానా కింద రెండు పనులూ అయిపోతాయని ప్రిన్సిపాలు గారు రెండింటినీ ఒకే రోజుకు పెట్టారు.

గంగులయ్య మైదానం ఒక కొసన, వంపుకు నడిబొడ్డున నాటి ఉన్న ఇనుప మేకుకు తాడు ఉచ్చు తగిలించాడు. తాడును బిగువుగా లాగి పట్టుకుని, రెండో కొసన నిలబడి, ఆ కొసను ఒక్క క్షణం చూశాడు. తర్వాత అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నిశ్చయించుకుని, తాడును ఒక మూర వెనక్కి మడిచి పట్టుకున్నాడు. అడుగున చిల్లులు కొట్టిన డబ్బాతో సున్నం రాలుస్తూ వంపు చుట్టూ నడిచాడు.

ఈ మూరెడు సంగతి లోకంలో ఒక్క గంగులయ్యకే తెలుసు.

అసలు తాడును మొదట కొలిచి ఇచ్చినవాడు ఆటలు నేర్పే పాత పి.డి. సారు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన ఇచ్చిన తాడు పద్నాలుగేళ్ళు బాగానే పనిచేసింది. ఇరవై ఏళ్ళ కిందట ఎండాకాలం సెలవుల్లో స్టోరురూములో ఎలుకలు పడి ఒక కొసన ఎనిమిది మూరలు కొరికేశాయి. గంగులయ్య పాడైన ముక్క కోసేసి, సంతకు పోయి ఎనిమిది మూరల కొత్త తాడు అడిగాడు. అంగడివాడు మోచేత్తో ఎనిమిది మూరలు కొలిచి, అలవాటు కొద్దీ కొసరుగా ఇంకో మూర వదిలి కోశాడు. ఈ సీమలో ఏది కొన్నా కొసరు వెయ్యకపోతే అమ్మినవాడికి పరువు ఉండదు, అడక్కపోతే కొన్నవాడికి నిద్ర పట్టదు. ఇచ్చిన కొసరును కోసి పారేస్తే లక్ష్మి అలుగుతుంది. గంగులయ్య ముడికి పోయేది పోగా తొమ్మిది మూరలూ అతికించేశాడు.

తాడులో మూరెడు పెరిగితే చుట్టులో ఆరు మూరలకు పైన పెరుగుతుంది. ఇది అతనికి అప్పుడు తెలియదు. ఆ ఏడే వేరే ఊరి ఫిజికల్ ఎడ్యుకేషన్ డిగ్రీ సీట్ల కోసం ఈ మైదానంలో సెలెక్షన్లు పెట్టారు. నాలుగు వందల మీటర్లు యాభై రెండు సెకన్ల లోపు పరిగెత్తినవాడికి సీటు. సోమల దగ్గరి పల్లె నుంచి శివకుమార్ అనే పిల్లవాడు వచ్చాడు. కాళ్ళకు చెప్పుల్లేవు. అందరికంటే ముందు వచ్చాడు. గడియారం మాత్రం యాభై రెండు పాయింటు రెండు అంది.

అందరూ వెళ్ళిపోయాక ఆ పిల్లవాడు గీత మీదే కూర్చుని ఏడుస్తున్నాడు. గంగులయ్యకు ఏం చెప్పాలో తోచక, "ఏడవగాకప్పా. మా గ్రౌండులో గాలెక్కువ. ఎదురు కొడతాది. నీ తప్పేమీ లేదు" అన్నాడు. ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. మర్నాడు ఎందుకో అనుమానం వచ్చి, మేస్త్రి దగ్గర టేపు అడిగి తెచ్చి తాడును కొలుచుకుంటే, అంగడివాడి కొసరు బయటపడింది.

చెప్పేద్దామనుకున్నాడు. అప్పటికి అతను రోజుకూలీ. పర్మినెంటు కాగితం ఆఫీసులో ఆఖరి బల్ల మీద ఉంది. కాగితం వచ్చాక చెబుదామనుకున్నాడు. వచ్చింది. పర్మినెంటైన మనిషి తప్పు కూడా పర్మినెంటైపోతుందని అప్పుడు తెలిసింది. ఈలోగా అతను చెప్పిన గాలి మాటను ఎవరో విన్నారు. మరుసటి ఏడు కాలేజీ పత్రికలో 'మన మైదానం, మన గాలి' అని వ్యాసం వచ్చింది. ఇక్కడ మెల్లగా పరిగెత్తే పిల్లలు బయట పోటీలకు పోతే అర సెకను తొందరగా పరిగెత్తేవాళ్ళు. అంతా ఆ ఎదురుగాలి చలవే అన్నారు. వచ్చిన ప్రతి పి.డి.కీ పోయే పి.డి. చెప్పిన మొదటి మాట గాలే.

తప్పు చేసినవాడికి భయం నాలుగు రోజులు, సిగ్గు ఇరవై ఏళ్ళు. శివకుమార్ ఆ తర్వాత చదువు మానేసి మదనపల్లెలో టమోటా మార్కెట్టు గేటు పక్కన చిన్న కొట్టు పెట్టుకున్నాడు. గంగులయ్య సున్నం మూటల కోసం మదనపల్లెకు పోయినప్పుడల్లా అక్కడ ఆగి, వద్దు వద్దంటున్నా ఐదేసి కిలోల టమోటా కొంటాడు. ఇంట్లో ఉండేది ఇద్దరు. టమోటా పప్పు, టమోటా చారు, టమోటా ఊరగాయ, టమోటా ఊరుబిండి. "ఏమయ్యా, ఆ అంగడాయనకు మనమేమన్నా బాకీ ఉండామా?" అని సిద్ధమ్మ ఒకసారి అడిగింది. గంగులయ్య ఇంకొంచెం చారు పోసుకున్నాడు.

పోయిన వారం కొట్లో శివకుమార్ టమోటాలు తూస్తూ, "మామా, మీ కాలేజీలో ఆ డిగ్రీ పడతాదంట కదా. సెలెక్షన్లు ఆడనేనంట. మా ఉషను చేర్పిస్తా. నా కాలు ఆ గీత మీదనే నిలిసిపాయ. దాని కాలన్నా దాటనీ" అన్నాడు. గంగులయ్యకు ఆ రోజు నుంచి సంగటి ముద్ద గొంతు దిగడం లేదు. ఉష అచ్చం తండ్రి లాగే పరిగెడుతుంది. ఆ గీత మీదే పరిగెత్తబోతోంది. అందుకే ఈ పొద్దున ఎవరికీ చెప్పకుండా తాడు మడిచి, గీతను మూరెడు లోపలికి జరిపేసి, గుట్టుగా ఇంటికి పోదామనుకున్నాడు.

వంపు పూర్తిచేసి వెనక్కి తిరిగి చూసి గతుక్కుమన్నాడు. ఇరవై ఏళ్ళుగా సున్నం పడీ పడీ పాత గీత ఉన్నచోట గడ్డి మొలవడం మానేసింది. కొత్త గీత తెల్లగా ఉంది, దాని పక్కనే మూరెడు దూరంలో పాత గీత బోడిగా, నేల మీద వాత పెట్టినట్టు ఉంది. రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటూ వంపు చుట్టూ తిరిగాయి.

"గంగులయ్యా! ఇదేంది, రెండు గీతలు?"

పి.డి. మునికుమార్ ఈల మెడలో ఊగుతుండగా పరుగెత్తుకుంటూ వచ్చాడు. ముప్పై ఐదేళ్ళ మనిషి. నిద్రలో కూడా ఆ ఈల తీయడని చెప్పుకుంటారు. నాలుగేళ్ళుగా పిహెచ్.డి. చేస్తున్నాడు. విషయం: పుంగనూరు ఎదురుగాలి పరుగుపోటీదారులపై చూపు ప్రభావం. మూడు అధ్యాయాలు అయిపోయాయి. డిగ్రీ ప్లాను పుస్తకంలో నలభై ఒకటో పేజీ అంతా ఆ గాలే.

"పాత గీత కొంచిం వెలపలికి పోయినట్ల ఉండె సార్. సరిచేస్తామని..."

"ఈ పొద్దేనా సరిచేసేది? గ్రౌండు మొకం మీద నామాలు పెట్టినట్ల ఉండాది. పదిన్నరకు కమిటీ వస్తాది. తుడిపెయ్ దాన్ని. ఎప్పుడూ గీసేదాని మీదనే గియ్యి."

గంగులయ్య చీపురు తెచ్చి కొత్త గీతను తుడిచాడు. తాడు మడత విప్పి, పాత గీత మీదే మళ్ళీ సున్నం పోశాడు. చేతులు అలవాటుగా పనిచేశాయి. మనసు మాత్రం మదనపల్లె గేటు దగ్గరే ఉంది.

పదకొండున్నరకు కారు వచ్చింది. ముగ్గురు సభ్యులు, ఒక డ్రైవరు. ఇద్దరు మగ సభ్యులు పలమనేరులో తిన్న టిఫిను గురించి ఇంకా మాట్లాడుకుంటున్నారు. మూడో ఆవిడే కమిటీకి పెద్ద, సుప్రజ మేడం. యాభై ఏళ్ళుంటాయి. పట్టుచీర కట్టుకుని కింద పరుగు బూట్లు వేసుకుంది. ప్రిన్సిపాలు గారు హడావుడిలో శాలువాలు కప్పడం మొదలుపెట్టారు. తెచ్చినవి నాలుగు: కమిటీకి మూడు, గంగులయ్యకు ఒకటి. డ్రైవరు తెల్ల చొక్కా వేసుకుని వరసలో నాలుగో కుర్చీలో కూర్చోవడంతో నాలుగోది అతనికి వెళ్ళిపోయింది. డ్రైవరు లేచి దండం పెట్టి రెండు మాటలు కూడా మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు.

తర్వాత అందరూ మైదానంలోకి వచ్చారు. గంగులయ్య ఎవరైనా పిలుస్తారేమోనని సున్నం డబ్బా పట్టుకుని నాలుగడుగుల వెనక నడిచాడు. సుప్రజ మేడం ప్లాను పుస్తకం తిరగేస్తూ ఒక్కో ప్రశ్న అడుగుతోంది.

"మొదటి సంవత్సరంలో 'మైదానాల కొలతలు, గీతలు' అని ఒక పేపరు పెట్టారు. ఎవరు చెబుతారో ఆ గడి ఖాళీగా ఉందే?"

"అది చిన్న పేపరు మేడం. ఎవరో ఒకరు చెప్పేస్తారు" అన్నాడు మునికుమార్.

"చిన్నదా?" అని ఆమె పేజీ తిప్పింది. నలభై ఒకటి వచ్చింది. చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "ఈ గాలి ఎటు నుంచి వస్తుంది?"

"తూర్పు నుంచి" అన్నాడు మునికుమార్.

"పడమటి నుంచి" అన్నారు ప్రిన్సిపాలు గారు, అదే క్షణంలో.

ఆమె గంగులయ్య వైపు చెయ్యి చాపి డబ్బాలోంచి చిటికెడు సున్నం తీసుకుంది. తలకంటే ఎత్తున పట్టుకుని వదిలింది. సున్నం ఎటూ పోకుండా, తిన్నగా కిందికి దిగి మునికుమార్ బూటు మీద పడింది. అందరూ ఆ బూటు వైపు చూశారు.

"ఈ రోజు సెలవేమో దానికి" అంది ఆమె.

"మధ్యాహ్నం పైన వస్తుంది మేడం" అన్నాడు మునికుమార్ చిన్న గొంతుతో.

ఆమె నవ్వింది గానీ పట్టుబట్టలేదు. గాలి ఉన్నా లేకున్నా డిగ్రీకి నష్టం లేదు. మైదానం ఉంటే చాలు. పెన్ను తీసి తనిఖీ కాగితం మీద రాయబోయింది. పైకి చదువుతూ రాయడం ఆమె అలవాటు. "ట్రాకు, నాలుగు వందల మీటర్లు..."

గంగులయ్య డబ్బా కింద పెట్టాడు. ఆమె 'సరి' అని రాస్తే అయిపోతుంది. అతను సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోవచ్చు. ఆ కాగితం మీద సంతకం పడ్డాక దేవుడు దిగివచ్చినా అది నాలుగు వందల మీటర్లే. వచ్చే ఏడు ఉష దాని మీద పరిగెత్తి, ఆ గీత మీదే కూర్చుంటుంది. దానికి ఇంకెవరో గాలి గురించి చెబుతారు.

"అమ్మా, రాయొద్దమ్మా."

అందరూ వెనక్కి తిరిగారు.

"అది నాలుగు నూర్లు కాదు. దగ్గిర దగ్గిర నాలుగు నూటా మూడు ఉండాది. గాలీ లేదు, ఏమీ లేదు. తాడులో ఉండాది తప్పు. నేను సేసిన తప్పు."

"ఈ రోజు రిటైర్మెంటు మేడం. బాధలో ఏదో మాట్లాడుతున్నాడు" అన్నాడు మునికుమార్.

సుప్రజ మేడం పెన్ను మూసింది. డ్రైవరును పిలిచి కారులోంచి ఉక్కు టేపు తెమ్మంది. డ్రైవరు శాలువాతోనే పరుగెత్తాడు. ఆమె స్వయంగా మేకు దగ్గర వంగి కొలిచింది, తాడును కొలిచింది, ముడిని వేలితో తడిమింది. నలభై ఐదు సెంటీమీటర్లు ఎక్కువ వచ్చింది. "చుట్టులో రెండు మీటర్ల ఎనభై మూడు. ఎందుకు కలిపావయ్యా ఇంత?"

"కొసరమ్మా. సంతలో అంగడోడు ఇచ్చినాడు. కొసరును కోసి పారేసేది పాపం కదా అని కట్టేస్తి."

ఆమెకు నవ్వు ఆగలేదు. అక్కడున్న రోలరు మీద కూలబడి, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. మగ సభ్యులు కూడా టిఫిను మరిచిపోయి నవ్వారు. మునికుమార్ ఒక్కడే నవ్వలేదు. నాలుగేళ్ళ పరిశోధన కళ్ళముందే నేల మీద తడిసి పడి ఉంది.

"ఏం కాదు, బాధపడకు" అంది ఆమె అతన్ని చూసి. "గాలి అని రాసిన చోటల్లా తీసేసి, ఎక్కువ దూరం సాధన అని రాసుకో. లెక్కలన్నీ అట్లాగే సరిపోతాయి. ఇప్పుడే నిజంగా పనికొచ్చే థీసిస్ అయింది."

తర్వాత గంగులయ్య వైపు తిరిగి, "దీని మీద సెలెక్షన్లు ఎన్నిసార్లు జరిగాయి?" అని అడిగింది.

"ఒక్క ఏడే అమ్మా. ఒక్క పిల్లోడే పోయినాడు. యాభై రెండు పాయింటు రెండు వచ్చింది వానికి. యాభై రెండు లోపల రావల్ల."

ఆమె నవ్వు ఆగిపోయింది. ఫోను తీసి లెక్క వేసింది. రెండోసారి వేసింది. జేబులాంటి చిన్న సంచిలోంచి తన కార్డు తీసి, వెనక ఒక అంకె రాసి అతనికిచ్చింది. "యాభై ఒకటి పాయింటు ఎనిమిది. ఆ పిల్లవాడు ఇప్పుడేం చేస్తున్నాడు?"

"టమోటాలు అమ్ముతాండాడమ్మా. వాని కూతురు వచ్చే ఏడు ఈడ పరిగెత్తాల. అందుకే సెప్పేస్తి. లేకుంటే సెప్పేవాన్ని కాదు. మంచోన్ని కాదమ్మా నేను."

 ఆమె కాగితం మీద, ఈసారి పైకి చదవకుండా, నాలుగు పంక్తులు రాసింది. ప్రిన్సిపాలు గారు బిక్కచచ్చిపోయి, "డిగ్రీ రాదా మేడం?" అని అడిగారు.

"ఎందుకు రాదు? ఇది మట్టి ట్రాకు, సాయంత్రానికి సరిచేసుకోవచ్చు. తప్పెక్కడుందో తెలిసిన మైదానం మంచిదే. తెలియని వాటితోనే భయం." పుస్తకంలో ఆ ఖాళీ గడి తీసి, గంగులయ్య పేరు అడిగి, పూర్తి పేరు అడిగి, పెన్సిలుతో రాసింది. "ఆ చిన్న పేపరు చెప్పడానికి అప్పుడప్పుడు ఈయన్ని పిలిపించుకోండి."

"నేను అయిదో తరగతి అమ్మా" అన్నాడు గంగులయ్య.

"తాడుకు నీళ్ళు ఎందుకు తాపాలో నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు" అందామె, ఇంకా తడిగా ఉన్న తాడును చూపిస్తూ.

కమిటీ భోజనానికి వెళ్ళిపోయింది. గంగులయ్య ముడి విప్పబోయాడు. ఇరవై ఏళ్ళ ముడి, తడిసీ ఎండీ రాయి అయిపోయింది. అది వదిలేసి, రెండో కొసన కొడవలితో మూరెడు కోసేశాడు. ముక్క చేతిలో ఇంతే ఉంది. ఇంత ముక్కకు ఇరవై ఏళ్ళు టమోటా చారు తాగానా అనుకున్నాడు. దాన్ని జేబులో కుక్కుకుని, మిగిలిన తాడును మేకుకు తగిలించి, ఎర్రటి ఎండలో మైదానం మొత్తం కొత్తగా గీశాడు. రెండు గీతలు కనబడితే కనబడనీ. పాత దాని మీద రెండు వానలు పడితే గడ్డి మొలుస్తుంది.

సాయంత్రం రిజిస్టరులో సంతకం పెట్టాడు. శాలువా లేకపోవడంతో ప్రిన్సిపాలు గారు తన మెడలోని పూలదండ తీసి అతనికి వేసి, ఫోటో తీయించి, ఇంకెవరో పిలిస్తే వెళ్ళిపోయారు. మునికుమార్ గేటు దాకా వచ్చాడు. కోపంగా ఉండాలని చూశాడు గానీ కుదరలేదు. "ఏమప్పా గంగులయ్యా, ఇంకో రెండేండ్లు ఆగి సెప్పుంటే నా డాక్టరేటు వచ్చేసుండును" అన్నాడు. గంగులయ్య స్టోరురూము తాళం అతని చేతిలో పెట్టి, "తాడును ఎండలో పెట్టొద్దు సార్" అని మాత్రం చెప్పాడు. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగం అలా అయిపోయింది.

రామసముద్రం బస్సు ముందే నిలబడి ఉంది. అతను దాన్ని వదిలేసి మదనపల్లె బస్సెక్కాడు.

మార్కెట్టు గేటు దగ్గర దిగేసరికి పొద్దు వాలుతోంది. శివకుమార్ కొట్టు ముందు నాలుగు బుట్టల టమోటా, పైన ఎలక్ట్రానిక్ కాటా. పొట్ట వచ్చినా, నిలబడటం మాత్రం ఇప్పటికీ పందెం మొదలుపెట్టేవాడిలాగే ముందుకు వంగి నిలబడతాడు.

"రా మామా. దండేంది, పెండ్లి చేసుకుంటివా?" అంటూనే సంచి అందుకుని ఐదు కిలోలు తూయబోయాడు.

"ఈ పొద్దు వద్దప్పా."

శివకుమార్ చెయ్యి ఆగింది. ఇరవై ఏళ్ళలో ఆ మాట వినడం ఇదే మొదలు. "ఒంట్లో బాగుండాదా మామా?"

గంగులయ్య జేబులోంచి తాడు ముక్క తీసి కాటా మీద పెట్టాడు. పక్కన మేడం కార్డు పెట్టాడు. నిలబడే చెప్పాడు. ఎలుకలు, సంత, కొసరు, మేస్త్రి టేపు, ఆఫీసులో కాగితం, గాలి, అన్నీ. బస్సులో ఎంతో అందంగా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. ఉన్నది ఉన్నట్టు వచ్చేసింది.

ఎవరో వచ్చి కిలో ఎంత అని అడిగారు. శివకుమార్‌కు వినబడలేదు. కాటా మీది తాడును తీసి, మోచేతి నుంచి వేలి కొసదాకా పెట్టి చూసుకున్నాడు. సరిగ్గా సరిపోయింది.

"ఇంతేనా?"

"అంతే."

"అంటే నేను లోపల వచ్చినట్లేనా?"

"వచ్చినావప్పా. యాభై ఒకటీ ఎనిమిది. మేడమ్మ రెండు తూర్లు లెక్కేసింది."

శివకుమార్ కార్డు వెనక్కి తిప్పి ఆ అంకెను చూశాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. అరుస్తాడనుకున్నాడు గంగులయ్య. అరిస్తే బాగుండుననుకున్నాడు. దెబ్బలకు కూడా సిద్ధపడే వచ్చాడు.

"అయితే ఇన్నేండ్లు నా కాడ టమోటాలు కొనింది ఇందుకా?" అన్నాడు శివకుమార్ చివరికి. "నా సరుకు బాగుంటాదని కొంటాండావనుకుంటిని. రామసముద్రం నుంచి ఒక మనిషి నన్ను ఎతుక్కోని వస్తాండాడని మా ఇంట్లో సెప్పుకుంటాంటిని మామా."

దీనికి మాత్రం గంగులయ్య సిద్ధపడి రాలేదు. తాడు గురించి ఇరవై ఏళ్ళు సిగ్గుపడ్డాడు గానీ, టమోటాల గురించి సిగ్గుపడాలని తోచనే లేదు.  "సరుకు బాగుంటాదప్పా" అన్నాడు. "నిజంగా బాగుంటాది. సిద్ధమ్మను అడుగు."

శివకుమార్ మొహం అటు తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో గంగులయ్యకు తెలియలేదు. రెండూ అయి ఉండొచ్చు. కాసేపటికి తాడు ముక్కను మళ్ళీ కాటా మీదే పెట్టి, ముక్కు తుడుచుకుని, "రేపు పొద్దన్నే ఉషను పిల్చుకోని వస్తా. ఆ కొత్త గీత నువ్వే సూపియ్యల్ల" అన్నాడు.

"నేను రిటైరైపోతి కదప్పా."

"నువ్వు రిటైరైతే గీత రిటైరవతాదా?" అని, "ఒక చుట్టు నేను కూడా పరిగెత్తి సూస్తా. ఈ పొట్టతో ఎంతకు వస్తానో. పో, బస్సు పోతాది" అన్నాడు.

రామసముద్రం బస్సు అప్పటికే కదులుతోంది. గంగులయ్య ఖాళీ సంచి చంకన పెట్టుకుని ఎక్కాడు. ఈ రాత్రి ఇంట్లో టమోటా లేదు. సిద్ధమ్మకు ఏం చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచించుకుంటూ కిటికీలోంచి వెనక్కి చూశాడు. శివకుమార్ ఫోను చెవికి పెట్టుకుని, కార్డును దీపం వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఎవరికో ఆ అంకె చదివి వినిపిస్తున్నాడు. కొనేవాళ్ళు ఇద్దరు ఎదురుచూస్తున్నారు. కాటా మీద మూరెడు తాడు ముక్క ఒక్కటే అలాగే పడి ఉంది, ఎర్ర అంకెల్లో ముప్పై గ్రాములు చూపిస్తూ.